ద్రాక్షాకు దొల్మే: పప్పు ముందు, పులుపు తర్వాత

మీరు రాసినదాని సారాంశం ఇది. ద్రాక్షాకులో అన్నం, పప్పు, ఆకుకూరలు పెట్టి పొట్లంలా మడిచి ఉడికించే ఇరానీ దొల్మేను మాంసం, వెన్న, పెరుగు లేకుండా చేశారు. గంటంబావు ఉడికించినా ఆకు పీచులా నమలాల్సి వచ్చింది. లోపల శెనగపప్పు పలుకుగానే ఉండిపోయింది, అన్నం మాత్రం ముద్దయింది. విప్పి చూస్తే లోపలిదంతా పట్టు లేక రాలిపోయింది. నిమ్మరసం, పంచదార మొదట్లోనే నీళ్లలో కలిపి పోశానని కూడా రాశారు. సగం జవాబు ఆ ఒక్క మాటలోనే ఉంది.

కందిపప్పు మెత్తబడకముందే చింతపండు పులుసు పోస్తే ఏమవుతుందో తెలుగు వంటింట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎంతసేపు మరిగించినా పప్పు బిర్రబిగుసుకునే ఉంటుంది. పప్పు గింజలోనూ ఆకు ఈనెలోనూ కణాలను పట్టి ఉంచే పెక్టిన్ కరిగితేనే అవి మెత్తబడతాయి, పులుపు ఆ కరగడాన్ని ఆపేస్తుంది. దొల్మేలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. ద్రాక్షాకు స్వతహాగా పుల్లనిది, చింతచిగురుకు దగ్గరి పులుపు. పైగా నిమ్మరసం మొదట్లోనే పడితే ఆకూ మెత్తబడదు, లోపలి పప్పూ ఉడకదు. అందుకే వరస ఇలా ఉండాలి: పప్పు బయటే పూర్తిగా ఉడకాలి, ఆకును ముందే మరుగునీటిలో వాడ్చాలి, పొట్లాలు మామూలు నీళ్లలో ముప్పావు వంతు ఉడకాలి, ఆ తర్వాతే తీపి పులుపు పడాలి.

మీరు చూసిన వంటకాల్లో కొన్ని ఇరానీవి కావనిపిస్తోంది. టర్కీలో మాంసం లేని దొల్మాను 'యలాంజీ' అంటారు, అంటే అబద్ధాలది అని అర్థం. దానిలో అన్నం, చిన్న ఎండుద్రాక్ష, పైన్ గింజలు, ఆలివ్ నూనె ఉంటాయి. పప్పు ఉండదు. వేలంత సన్నగా చుట్టి చల్లగా తింటారు. ఇరాన్‌లో 'దొల్మే బర్గ్-ఎ మో' వేరు. బర్గ్ అంటే ఆకు, మో అంటే ద్రాక్షతీగ, దొల్మే అనే మాట మాత్రం నిండడం అనే అర్థమున్న తుర్కీ క్రియ నుంచి వచ్చింది. తబ్రీజ్ వైపు బాగా పేరున్న ఈ వంటలో పప్పు, బియ్యంతో సమానంగా పచ్చి ఆకుకూరలు, పసుపు వేసి వేయించిన ఉల్లి, జరిష్క్ అనే ఎర్రటి పుల్లటి ఎండు పండ్లు, చివర్న తీపి పులుపు రసం ఉంటాయి. చుట్టలా కాకుండా పొట్లంలా కడతారు, వేడిగానో గోరువెచ్చగానో తింటారు. ఈ రెండు పద్ధతులనూ కలిపేస్తే కొలతలు, సమయాలు రెండూ తప్పుతాయి.

ఇక ఆకుల సంగతి. ఇరాన్‌లో ఏప్రిల్ చివర నుంచి మే నెలంతా లేత ఆకు కోస్తారు. తీగ కొస నుంచి మూడో ఆకు మొదలు ఐదో ఆకు దాకా, అరచేయంత, అంటే 10 నుంచి 12 సెంటీమీటర్ల వెడల్పున్నవి కోయాలి. గోటితో నొక్కితే నడిమి ఈనె తెగాలి. తెగకపోతే ఆ ఆకు ఎంత ఉడికించినా లాభం లేదు, గిన్నె అడుగున పరవడానికి ఉంచుకోండి. మన దక్కన్ తోటల్లో ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరింపులు జరుగుతాయి. కొత్త చిగుళ్లు వచ్చాక నెల రోజులకు ఆకు ఈ అదనులో ఉంటుంది. అయితే పండ్ల కోసం పెంచే తోటల ఆకు తినడానికి వాడొద్దు. బూజు తెగుళ్లకు మందులు వరసగా కొడతారు, అవి ఎక్కువగా పడేది ఆకు మీదే. పెరట్లో పందిరి మీద మందు కొట్టని తీగ ఉంటే అదే మేలు.

తీగ రకం కూడా చూడాలి. థాంసన్ సీడ్‌లెస్ ఆకు పలచగా, అడుగు నున్నగా ఉండి ఈ పనికి చక్కగా సరిపోతుంది. బెంగళూరు బ్లూ ఆకు అడుగున నూగు ఉంటుంది, ఉడికాక నాలుకకు గుడ్డలా తగులుతుంది. టెక్సాస్‌లో అడవి తీగలుగా పెరిగే మస్టాంగ్ ద్రాక్షదీ అదే తీరు, ఆకు అడుగు తెల్లగా దట్టమైన నూగుతో ఉంటుంది. అమెరికాలో ఉండి కంచెల వెంట అడవి ద్రాక్షాకు కోసేవాళ్లకు ఒక హెచ్చరిక: మూన్‌సీడ్ అనే విషపు తీగ చూపుకు ద్రాక్షలాగే ఉంటుంది. ద్రాక్షాకు అంచున రంపపు పళ్లుంటాయి, తీగకు నులితీగలుంటాయి. మూన్‌సీడ్‌కు రెండూ ఉండవు. ఈ రెండు గుర్తులూ కనబడితేనే కోయండి.

తాజా ఆకును ఉప్పు వేసిన మరుగునీటిలో పది పదిగా దించండి. పచ్చటి రంగు పోయి ఆలివ్ రంగుకు తిరగగానే, అంటే ఒకటి రెండు నిమిషాల్లో, తీసి చన్నీళ్లలో వేయండి. రంగు మారిందంటే పాడైనట్టు కాదు. ఆకులోని పులుపు వేడికి బయటపడి పత్రహరితంలోని మెగ్నీషియాన్ని తొలగించిందన్నమాట. వంటకు ఆకు సిద్ధమైనట్టే. ముదురుగా అనిపిస్తే ఐదు నిమిషాలుంచండి. సీసా ఆకైతే ఇప్పటికే ఉప్పునీటిలో ఊరి ఉంటుంది. విప్పి, వేడినీళ్లలో పావుగంట నానబెట్టి, నీళ్లు మార్చి మరోసారి కడగండి. ఒక ముక్క నమిలి చూసి ఇంకా ఉప్పగా ఉంటే మళ్లీ నానబెట్టండి. సీసాల్లో తరచూ సిట్రిక్ ఆమ్లం కూడా కలుపుతారు, కాబట్టి తర్వాత నిమ్మరసం తగ్గించాలి.

కొలతలు 40 నుంచి 45 పొట్లాలకు చెబుతాను, నలుగురైదుగురికి సరిపోతాయి. ఆకులు 60: చుట్టడానికి 45, అడుగున, పైన పరవడానికి మిగతావి, చిరిగినవి. పచ్చిశెనగపప్పు 100 గ్రాములు, బియ్యం 150 గ్రాములు, ఉల్లిపాయలు 250 గ్రాములు, అక్రోట్లు 60 గ్రాములు, జరిష్క్ 25 గ్రాములు, కాడలు తీసిన ఆకుకూరలన్నీ కలిపి 180 గ్రాములు. టమాటా పేస్టు ఒక టేబుల్ స్పూను, పసుపు ఒక టీస్పూను, మిరియాల పొడి అర టీస్పూను, దాల్చినచెక్క పొడి పావు టీస్పూను, ఉప్పు ఒకటిన్నర టీస్పూన్లు (సీసా ఆకైతే ఒకటే). నూనె మొత్తం ఏడు టేబుల్ స్పూన్లు. ఎక్కువనిపించినా తగ్గించకండి, కారణం కిందే చెబుతాను. రసానికి నిమ్మరసం 90 మిల్లీలీటర్లు (సీసా ఆకైతే 60), పంచదార 40 గ్రాములు, కుంకుమపువ్వు పావు టీస్పూనుకు కాస్త తక్కువ.

మాంసం తీసేశాక స్టఫింగ్ రాలిపోవడం సహజమే. మాంసం ఇక్కడ మూడు పనులు చేస్తుంది. దాని కొవ్వు బియ్యాన్ని పొడిబారనివ్వదు. దాని మాంసకృత్తులు వేడికి గట్టిపడి అన్నింటినీ కలిపి పట్టి ఉంచుతాయి. మూడోది, నాలుక మీద నిలిచే కమ్మదనం. వీగన్ దొల్మేలో మాంసం బదులు ఒకే పదార్థం వెతుక్కుంటే ఈ మూడూ దొరకవు. కొవ్వు కోసం నూనె, అక్రోట్లు. పట్టు కోసం ఉడికిన పప్పులో మూడో వంతు మెత్తగా మెదిపి కలపడం. కమ్మదనం కోసం బాగా ఎర్రగా వేగిన ఉల్లి, నూనెలో వేగిన టమాటా పేస్టు. పుట్టగొడుగులు వేస్తామనేవాళ్లు 150 గ్రాములు సన్నగా తరిగి, పెనం మీద నీరంతా ఇగిరి అంచులు ఎరుపెక్కేదాకా వేయించాకే కలపాలి. పచ్చివి కలిపితే పొట్లంలో నీరొదిలి అన్నాన్ని ముద్ద చేస్తాయి. సోయా గ్రాన్యూల్స్ వద్దంటాను. వాటి వాసన ఆకుకూరల సువాసనను కప్పేస్తుంది.

పప్పు గురించి. ఇరాన్‌లో వాడే లపేకి మన పచ్చిశెనగపప్పు అతి దగ్గర. అక్కడ దాన్ని తొందరగా ఉడికేది, ఆలస్యంగా ఉడికేది అని రెండు రకాలుగా అమ్ముతారు. మనది రెండోదాని తీరు. మూడు గంటలు నానబెట్టి, ఉప్పు వేయకుండా, మూత లేని గిన్నెలో పాతిక ముప్పై నిమిషాలు ఉడికించండి. బద్ద ఆకారం నిలవాలి, రెండు వేళ్ల మధ్య నొక్కితే పలుకు లేకుండా చితకాలి. కుక్కర్‌లో పెడితే ఒక్క కూత తేడాతో పప్పుసుద్ద అవుతుంది. విదేశాల్లో దొరికే పసుపు బఠాణీ బద్దలు వాడితే పదిహేను నిమిషాల తర్వాత నుంచి చూస్తూ ఉండాలి, అవి ఇంకా త్వరగా కరిగిపోతాయి. 'పొట్లంలో ఎలాగూ ఉడుకుతుందిలే' అని పలుకు మీద దించడమే మీ వంటలో జరిగింది. పులుపు తగిలాక అది ఇక ఉడకదు.

బియ్యానికి సరిగ్గా దీనికి వ్యతిరేకం, సగమే ఉడకాలి. సోనా మసూరి మంచిది, బాస్మతి కంటే కాస్త జిగురుండి పట్టుకుంటుంది. అరగంట నానబెట్టి, మరిగే ఉప్పునీటిలో ఐదారు నిమిషాలు ఉడికించి, మెతుకు కొరికితే నడుమ తెల్లని పలుకు మిగిలి ఉండగానే వార్చేయండి. వార్చాక పళ్లెంలో పరిచి ఆరబెట్టండి. వేడిగా కుప్పగా వదిలేస్తే తన ఆవిరికి తానే ఉడికిపోతుంది.

ఉల్లి సన్నగా తరిగి నాలుగు టేబుల్ స్పూన్ల నూనెలో మధ్య మంట మీద పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు వేయించండి. బంగారు రంగు దాటి అంచులు గోధుమరంగులోకి తిరగాలి. అప్పుడు పసుపు, అర నిమిషం తర్వాత టమాటా పేస్టు వేసి, పేస్టు ముదురు ఎరుపుకు వచ్చి నూనె విడిచేదాకా కలపండి. జరిష్క్‌ను చన్నీళ్లలో పది నిమిషాలు ఉంచి, అడుగున ఇసుక దిగాక పైనుంచి చేత్తో తీసి, టీస్పూను నూనె, చిటికెడు పంచదారతో సన్నమంట మీద నిమిషం తిప్పండి. ఉబ్బి మెరవగానే దించాలి. ఇంకో అర నిమిషం ఉంచితే మాడి చేదెక్కుతాయి. ముంబయి ఇరానీ హోటళ్ల బెర్రీ పులావులో ఎర్రగా కనిపించే పుల్లటి పండ్లు ఇవే. దొరకకపోతే ఎండు క్రాన్‌బెర్రీలు సన్నగా తరిగి వేయండి. అవి తీపి కాబట్టి రసంలో పంచదార ఒక చెంచా తగ్గించండి.

ఈ వంటకు ప్రాణం ఆకుకూరలు. ఇరానీ దొల్మేలో పార్స్లీ, కొత్తిమీర, పుదీనా, సోయికూర, తరే అనే సన్నటి ఉల్లికాడ జాతి, తర్ఖూన్, మర్జే అనే ఘాటైన ఆకులు ఉంటాయి. 180 గ్రాములను ఇలా పంచుకోవచ్చు: కొత్తిమీర 40, పార్స్లీ 40, ఉల్లికాడల పచ్చటి భాగం 40, సోయికూర 30, పుదీనా 25, మిగతాది తర్ఖూన్. పార్స్లీ దొరకకపోతే కొత్తిమీరే పెంచండి. తర్ఖూన్ అంటే టారగన్. తాజాది లేకపోతే ఎండుది ఒక టేబుల్ స్పూను. అదీ లేకపోతే పావు టీస్పూను సోంపు పొడి, రెంటికీ సోంపు తరహా తియ్యటి ఘాటుంది. మర్జే కోసం వెతుక్కోనక్కర్లేదు. కుండీలో పెరిగే వాము ఆకు ఒకటి సన్నగా తరిగి కలపండి. మర్జే ఘాటుకు మూలమైన కార్వాక్రాల్ వాము ఆకులోనూ ఉంటుంది. ఒకటే ఆకు, రెండోది వేస్తే కషాయం వాసన వస్తుంది. మెంతికూర మాత్రం వద్దు, ఆ చేదు ద్రాక్షాకు పులుపుతో కలవదు. కడిగిన ఆకుకూరలను గుడ్డ మీద గంటసేపు పూర్తిగా ఆరబెట్టి కత్తితోనే తరగాలి. మిక్సీలో వేస్తే నీరొదిలి నల్లబడతాయి, స్టఫింగ్ పచ్చడిలా అవుతుంది.

అన్నీ చల్లారాకే కలపండి: బియ్యం, పప్పు (మూడో వంతు మెదిపినది), ఉల్లి, ముతకగా దంచిన అక్రోట్లు, జరిష్క్, ఆకుకూరలు, ఉప్పు, పొడులు. పిసకొద్దు, కింద నుంచి పైకి తిప్పుతూ కలపండి. పిడికెడు తీసి నొక్కితే ముద్ద కట్టాలి, వేలు తగిలిస్తే విడిపోవాలి. అస్సలు ముద్ద కట్టకపోతే ఇంకో గుప్పెడు పప్పు మెదపండి. ఇక్కడే రుచి చూడండి. ఉప్పు ఒక పిసరు ఎక్కువ అనిపించాలి, బియ్యం ఇంకా నీరు పీల్చి ఉబ్బుతుంది కనుక ఉడికాక సరిపోతుంది.

ఆకు నున్నటి వైపు బల్లకు, ఈనెలు లేచి కనబడే వైపు మీకు ఉండేట్టు పరిచి, తొడిమ మొదలంటా కోసేయండి. తొడిమ ఉన్న చోట ఆకు రెండుగా చీలి ఉంటే అంచులు ఒకదాని మీదికొకటి జరపండి. చిన్న ఆకులైతే రెండు కలపండి. తొడిమ దగ్గర ఒక టేబుల్ స్పూను, సుమారు 20 గ్రాములు పెట్టి, కింది అంచు పైకి, రెండు పక్కలు లోపలికి, పై అంచు చివరగా మడిచి నలుపలకల పొట్లం చేయండి. తాంబూలం చిలకలు చుట్టడం వచ్చినవాళ్లకు ఇది క్షణాల్లో పట్టుబడుతుంది. బిగించి కట్టొద్దు. సగం ఉడికిన బియ్యం ఇంకా పెరుగుతుంది, చోటు లేకపోతే ఆకు పగులుతుంది. పొట్లం లోపల చిటికెన వేలు దూరేంత వదులుంటే చాలు.

గిన్నె 24 సెంటీమీటర్ల వెడల్పున్న మందపాటి స్టీలుది లేదా ఎనామిల్‌ది తీసుకోండి. ఉత్త అల్యూమినియం, కళాయి పూయని ఇత్తడి వద్దు, పులుపు తగిలి లోహపు రుచి దిగుతుంది. అడుగున రెండు టేబుల్ స్పూన్ల నూనె పోసి, బంగాళాదుంప చక్రాలు పరిచి, వాటి మీద చిరిగిన ఆకులు కప్పండి. మంట ఎక్కువైనా మాడేది దుంపే, పొట్లాలు కాదు. మంట సరిగ్గా ఉంటే ఆ దుంప చక్రాల కోసమే పిల్లలు పోటీ పడతారు. పొట్లాలను మడత కింద ఉండేలా ఒకదానికొకటి ఆనించి రెండు వరసలు పేర్చండి. పైన మిగిలిన ఆకులు, వాటి మీద గిన్నె లోపల పట్టే పళ్లెం బోర్లించండి. ఈ బరువు లేకపోతే నీరు మరిగినప్పుడు పొట్లాలు కదిలి విప్పుకుంటాయి. వేడినీళ్లు అర లీటరు, అర టీస్పూను ఉప్పు కలిపి గిన్నె అంచు వెంబడి పోయండి. నీరు పై వరస సగం దాకా రావాలి, మునగకూడదు. ఒక పొంగు రాగానే మంట పూర్తిగా తగ్గించి, మూతపెట్టి 40 నిమిషాలు.

ఈలోగా కుంకుమపువ్వును చిటికెడు పంచదారతో నూరి, రెండు టేబుల్ స్పూన్ల వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచండి. మరుగునీళ్లు పోయకండి, పరిమళం ఆవిరైపోతుంది. నిమ్మరసంలో మిగతా పంచదార కరిగించి, కుంకుమనీళ్లు, మిగిలిన నూనె కలపండి. ఇరాన్‌లో పచ్చి ద్రాక్షకాయల రసం, ఆబ్‌గూరే, ఎక్కువగా వాడతారు. దొరికితే నిమ్మరసానికి ఒకటిన్నర రెట్లు పోయండి. చింతపండు వాడొచ్చా అని అడిగారు. దక్షిణ ఇరాన్ తీరంలో చేపల పులుసుకు చింతపండు వేస్తారు, దొల్మేకి వేయరు. దాని రంగు, వాసన కుంకుమపువ్వును మింగేస్తాయి. బెల్లానిదీ అదే సమస్య. మరో మాట, కొన్ని దేశాల్లో తెల్ల పంచదారను ఎముకల బొగ్గుతో శుద్ధి చేస్తారు. అక్కడుండే వీగన్‌లు సేంద్రియ పంచదార గానీ, 'షీరే-యె అంగూర్' అనే ద్రాక్షపాకం గానీ వాడుకోవచ్చు.

నలభై నిమిషాలయ్యాక పైనుంచి ఒక పొట్లం తీసి తినండి. ఆకు పంటికి తేలిగ్గా తెగాలి. తెగకపోతే పావు కప్పు వేడినీళ్లు పోసి ఇంకో పదిహేను నిమిషాలు ఉంచాలి. తెగేదాకా రసం పోయొద్దు. తెగిందని నిర్ధారించుకున్నాక రసం చుట్టూ పోసి, గిన్నెను రెండు చేతులా పట్టి మెల్లగా ఒకసారి ఊపి, మళ్లీ సన్నమంట మీద 25 నుంచి 30 నిమిషాలు ఉంచండి. అడుగున నాలుగైదు చెంచాల చిక్కటి రసం మిగలాలి. ఎక్కువుంటే చివరి ఐదు నిమిషాలు మూత తీయండి. దించాక వెంటనే తీయకండి, అరగంట అలాగే వదిలేస్తే అన్నం సర్దుకుని పొట్లం గట్టిపడుతుంది. వేడి మీద గరిటె పెడితే సగం విరుగుతాయి. పొట్లాలను కుక్కర్‌లోనూ పెట్టొద్దు. లోపలి ఒత్తిడి ఒక్కసారిగా తగ్గినప్పుడు పొట్లాలు పగులుతాయి, మధ్యలో రుచి చూసే వీలూ ఉండదు.

చేదు ఎందుకొచ్చిందని చివర్న అడిగారు. మూడు కారణాలుంటాయి: మాడిన జరిష్క్, పాతబడి కనరెక్కిన అక్రోట్లు, గింజలతో సహా నలిపి పిండిన నిమ్మకాయ. అక్రోటు ఒకటి ముందే నమిలి చూడండి, పాత నూనె వాసనొస్తే వాడకండి.

ఇరాన్‌లో పక్కన పెరుగు, లవాష్ రొట్టె పెట్టుకుంటారు. పెరుగు బదులు పులియబెట్టిన జీడిపప్పు పెరుగులో ఎండు పుదీనా నలిపి వేసుకోవచ్చు. కొబ్బరి పెరుగు తీపి ఎక్కువై అంతగా కుదరదు. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులు నిలుస్తాయి, రెండో రోజు రుచి ఇంకా బాగుంటుంది. వేడి చేసేటప్పుడు నాలుగు చెంచాల నీళ్లు చల్లి, మూతపెట్టి సన్నమంట మీద పది నిమిషాలు ఉంచండి. ఆకులు ఎక్కువగా దొరికిన రోజున మరుగునీటిలో వాడ్చి, పాతికేసి దొంతరగా చుట్టి, గాలి లేకుండా సంచిలో ఫ్రీజర్‌లో పెట్టుకోండి. కరగనిచ్చాకే విప్పాలి, గడ్డకట్టి ఉండగా లాగితే పెంకుల్లా విరుగుతాయి.